162 రూపాయల 8 అణాల సంసారం

మీర్జా గాలిబ్ గారి పేరు వినని ఉర్దూ ఇల్లు ఉండదు. గజల్ అంటే ఏమిటో సరిగా తెలియని వారు కూడా ఆయన పేరు చెప్పగానే తల ఊపుతారు. అయితే మేము ఇక్కడ ఆయన కవిత్వం జోలికి వెళ్లడం లేదు. దాని గురించి చెప్పడానికి పండితులున్నారు, పుస్తకాలున్నాయి. ఆయన ఇల్లు ఎలా గడిచింది, నెలకు చేతికి ఎంత వచ్చేది, వచ్చేది తగ్గినప్పుడు ఆయన ఏం మానుకున్నారు అన్న సంగతి ఎక్కువ మందికి తెలియదు. ఈ లెక్కలు మేము ఊహించి రాస్తున్నవి కావు. గాలిబ్ గారు మిత్రులకు, శిష్యులకు రాసిన ఉత్తరాల్లో రూపాయలు, అణాలతో సహా ఉన్నాయి. ఆయన శిష్యుడు మౌలానా హాలీ 1897లో వెలువరించిన జీవిత చరిత్రలోనూ కొంత ఉంది.

మీర్జా అసదుల్లా బేగ్ ఖాన్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో జన్మించారు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ అల్వర్ రాజు కొలువులో పనిచేస్తూ 1802లో జరిగిన పోరులో మరణించారు. అప్పుడు బాలుడిని చేరదీసింది చాచా నస్రుల్లా బేగ్ ఖాన్. ఆయన ఇంగ్లీషు సేనాని లార్డ్ లేక్ కింద 400 మంది రౌతులకు నాయకుడు. 1806లో ఏనుగు మీది నుంచి పడి ఆయన కూడా కన్నుమూశారు. తొమ్మిదేళ్లయినా నిండకముందే ఇద్దరు పోషకులు పోయారు. ఈ కుటుంబ కథను గాలిబ్ గారు చివరి రోజుల్లో హైదరాబాదులో ఉంటున్న తన శిష్యుడు హబీబుల్లా జకాకు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు. జకా గారిది మన నెల్లూరు ప్రాంతం.

నస్రుల్లా బేగ్ మీద ఆధారపడిన వారి పోషణకు ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ ఏటా 10,000 రూపాయలు చెల్లించాలని 1806 మే నెలలో ఉత్తర్వు అయ్యింది. కొద్ది రోజులకే దానికి బదులు మరో ఉత్తర్వు వచ్చింది. అందులో మొత్తం 5,000 మాత్రమే. అందులోనూ 2,000 ఖ్వాజా హాజీ అనే ఆయనకు పోగా, నస్రుల్లా గారి తల్లికి, అక్కచెల్లెళ్లకు 1,500, గాలిబ్ సోదరులకు 1,500 మిగిలాయి. గాలిబ్ గారి వాటా ఏడాదికి 750 రూపాయలు. అంటే నెలకు 62 రూపాయల 8 అణాలు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. జీవితాంతం ఆయన ఇంటికి ఆధారం ఇదే. ఇది ఒక్కసారి ఆగింది గాని, ఒక్కసారి కూడా పెరగలేదు.

1810లో, పదమూడో ఏట, ఆయనకు ఉమ్రావ్ బేగం గారితో నిఖా జరిగింది. ఆమె వయసు పదకొండు. నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ తమ్ముడి కుమార్తె. తర్వాత కాపురం ఢిల్లీకి మారింది. ఏడుగురు పిల్లలు పుట్టారు. ఒక్కరూ పదిహేను నెలలు దాటి బతకలేదు.

పడుచుతనంలో డబ్బు గురించి మీర్జా గారికి చింత ఉండేది కాదు. వృద్ధాప్యంలో లోహారూ బంధువుకు రాసిన ఒక ఉత్తరంలో ఆ రోజులను ఆయనే తలచుకున్నారు. మథురాదాసు దగ్గర కొంత, దర్బారీ మల్ దగ్గర కొంత, ఖూబ్‌చంద్ చైన్‌సుఖ్ కొట్టులో కొంత అప్పు తెచ్చేవారట. ప్రతివాడి దగ్గరా మొహరు వేసిన పత్రం ఉండేది, అసలు గాని వడ్డీ గాని చేతికందేది కాదు. తిండి ఖర్చు బంధువుల ఇంట వెళ్లిపోయేది. ఒకసారి నవాబు ఇచ్చేవారు, ఒకసారి అల్వర్ నుంచి వచ్చేది, ఒకసారి ఆగ్రా నుంచి తల్లి పంపేది. నవాబుల బిడ్డలు బతికినట్టే బతికారు, అయితే నవాబుగిరీ మాత్రం లేదు. ఇక్కడే సంసారం దారి తప్పిందని మేము అనుకుంటాము. ఆదాయం 62 రూపాయలు, అలవాట్లు ఆరు వందల రూపాయలవి.

భత్యంలో తనకు అన్యాయం జరిగిందని, మొదటి ఉత్తర్వునే అమలు జరపాలని కోరుతూ ఆయన కలకత్తా బయలుదేరారు. దారిలో లక్నో, బాందా, బనారసులలో ఆగుతూ 1828 ఫిబ్రవరిలో అక్కడికి చేరారు. 1829 నవంబరులో తిరిగి వచ్చారు. 1831లో ప్రభుత్వం అభ్యర్థనను తోసిపుచ్చింది. పై అధికారులకు అర్జీలు ఆ తర్వాత పదేళ్ళకు పైగా నడిచాయి. పెరగబోయే భత్యాన్ని నమ్ముకుని చేసిన అప్పు మాత్రం నిలిచిపోయింది. 1830లలో అది 40,000 రూపాయలు దాటింది. ఏడాదికి 750 వచ్చే మనిషి తిండి కూడా మాని మొత్తం కట్టినా యాభై మూడేళ్లు పడుతుంది, అదీ వడ్డీ లేకుండా. ఒక సాహుకారు కోర్టుకెక్కి 5,000 రూపాయలకు డిక్రీ తెచ్చుకున్నాడు. మర్యాదస్తులను ఇంట్లోకి చొరబడి పట్టుకోకూడదన్న ఆనవాయితీ ఉండబట్టి, గాలిబ్ గారు కొంతకాలం పగలు గడప దాటలేదు.

సంపాదించే అవకాశం రాలేదా అంటే, వచ్చింది. 1840ల మొదట్లో ఢిల్లీ కాలేజీలో ఫారసీ బోధించే ఉద్యోగం, నెలకు 100 రూపాయల జీతంతో, ఆయన గుమ్మం ముందుకు వచ్చింది. ఆయన పల్లకీలో వెళ్లారు. దొరగారు థామసన్ ఎదురు వచ్చి స్వాగతం చెబుతారని బయటే వేచి ఉన్నారు. దర్బారుకు వచ్చినప్పుడు ఆ మర్యాద వేరు, ఉద్యోగానికి వచ్చినప్పుడు పద్ధతి వేరు అని దొర వివరించారు. ఉద్యోగం గౌరవాన్ని పెంచాలి గాని ఉన్నది తగ్గించకూడదని మీర్జా గారు అదే పల్లకీలో ఇంటికి తిరిగి వచ్చారు. ఈ కథను ఆత్మగౌరవానికి ఉదాహరణగా చాలామంది చెబుతారు. మాకు మాత్రం ఆ సాయంత్రం ఉమ్రావ్ బేగం గారికి ఈ సంగతి ఎలా చెప్పి ఉంటారా అనిపిస్తుంది. 62 రూపాయలు 162 అయ్యే అవకాశం అది. అదే 162 ఆయనకు మరో విధంగా దక్కడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

ఇంట్లో జూదం ఆడించారన్న నేరం మీద 1847లో జైలుకు వెళ్లవలసి వచ్చింది. ఆరు నెలల శిక్షలో మూడు నెలలు గడిచాక విడుదలయ్యారు. ఆ రోజుల్లో బంధువులు మొహం చాటేస్తే నవాబు ముస్తఫా ఖాన్ షేఫ్తా ఒక్కరే ఆదుకున్నారు. జూదం, మద్యం రెండూ మన ధర్మంలో నిషిద్ధాలు. గాలిబ్ గారి జీవితంలో ఆ రెండూ ఉన్నాయి. మేము వాటిని సమర్థించడం లేదు, దాచడమూ లేదు. ఉమ్రావ్ బేగం గారు నమాజు, రోజాలు తప్పనివారు. భర్త తాగుతారని తన వంటపాత్రలు వేరుగా పెట్టుకున్నారని హాలీ రాశారు. భర్తతో విడిపోలేదు, పాత్రలు మాత్రం కలపలేదు.

1850లో బహదూర్ షా జఫర్ ఆయనను మొగల్ వంశ చరిత్ర రాయడానికి నియమించారు. జీతం నెలకు 50 రూపాయలు. అయితే కోటలో జీతం ఆరు నెలలకొకసారి ఇచ్చేవారు. ఇంట్లో ఆకలి మాత్రం ఆరు నెలలకొకసారి వేయదు గదా. ఆ మధ్య కాలమంతా సాహుకారు దగ్గర వడ్డీకి తేవలసి వచ్చేది. జీతంలో మూడో వంతు సాహుకారు వాటాగా పోతున్నదని, నెల నెలా ఇప్పించాలని ఆయన పాదుషాకు పద్యంలో అర్జీ పెట్టుకున్నారు. సరదాగా రాసినట్టు కనిపిస్తుంది గాని లోపల ఉన్నది పచ్చి లెక్క. 50 రూపాయల జీతం ఆలస్యంగా అందితే 33 రూపాయల జీతమే. తర్వాత యువరాజు ఫఖ్రుద్దీన్ దగ్గర నుంచి ఏటా 400, అవధ్ దర్బారు నుంచి ఏటా 500 రావడం మొదలయ్యాయి. కొంత ఊపిరి ఆడింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1856లో అవధ్ రాజ్యాన్ని కంపెనీ కలుపుకుంది. అదే ఏడాది యువరాజు మరణించారు. 1857 మే నెలలో ఢిల్లీ తిరగబడింది. కోట జీతం పోయింది. పాదుషా మనిషి అన్న అనుమానంతో ఇంగ్లీషు ప్రభుత్వం 62 రూపాయల 8 అణాలు కూడా నిలిపేసింది.

ఇప్పుడు ఇంటికి రాబడి సున్న. ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో ఇద్దరు పెద్దలే కాదు. ఉమ్రావ్ బేగం గారి అక్క కుమారుడు ఆరిఫ్ 1852లో మరణించగా, ఆయన పిల్లలు బాకర్ అలీ, హుసేన్ అలీ వీరి దగ్గరే పెరుగుతున్నారు. పనివాళ్లు కల్లూ, కల్యాణ్, పనిమనిషి వఫాదార్ ఉన్నారు. బేగం గారు తన నగలు, విలువైన వస్తువులు భద్రంగా ఉంటాయని భర్తకు చెప్పకుండా కాలే సాహెబ్ గారి ఇంటి నేలమాళిగలో దాపెట్టించారు. ఢిల్లీని తిరిగి పట్టుకున్న సైనికులు అదంతా తవ్వి దోచుకుపోయారు. మతి స్థిమితం లేని తమ్ముడు మీర్జా యూసుఫ్ ఆ అక్టోబరులో మరణించారు. ఊళ్లో కఫన్‌కు గుడ్డ కొనడానికి దుకాణం లేదు, ఇంట్లో ఉన్న దుప్పట్లతోనే సాగనంపారు.

ఆ రోజుల్లో ఒంటి మీది బట్టలు, పరుపులు ఒక్కొక్కటి అమ్ముకుని తిన్నామని గాలిబ్ గారు రాసుకున్నారు. ఆదుకున్న వారిలో హిందూ మిత్రులు, శిష్యులే ఎక్కువ. 1858లో శిష్యుడు హర్‌గోపాల్ తఫ్తా 100 రూపాయల హుండీ పంపాడు. అందినట్టు తెలుపుతూ రాసిన జవాబులో మీర్జా గారు పైకానికి లెక్క ఇచ్చారు. దారోగా ద్వారా అప్పటికే వాడుకున్న 24 తీర్చేశారు. 50 జనానాలోకి, అంటే బేగం గారి చేతికి పంపారు. మిగిలిన 26 పెట్టెలో పెట్టుకున్నారు. డబ్బు అందగానే కల్యాణ్‌ను బజారుకు పంపారు. ఇచ్చిన వాడు లెక్క అడగలేదు. అయినా చెప్పారు. వచ్చిన దానిలో సగం ఇల్లు నడిపే మనిషి చేతికి ముందుగా వెళ్లడం కూడా మేము గమనించాము.

1859 జులై నుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపసాగారు. 1860 మే నెలలో భత్యం తిరిగి మంజూరయింది. మూడేళ్ల బాకీ ఒక్కసారిగా 2,250 రూపాయలు. ఇలాంటి మొత్తం ఒక్కసారి వస్తే మన ఇళ్లలో ఏమేమి కొనాలా అని పిల్లలు కూడా జాబితాలు వేస్తారు. గాలిబ్ గారి ఇంట ఏం జరిగిందో ఆయనే మీర్ మెహదీ మజ్రూహ్‌కు రాశారు. ముందుగా ఇచ్చిన 100 అందులో కోసుకున్నారు. 150 కచేరీ సిబ్బంది చేతుల్లో పోయాయి. మిగిలిన 2,000 తెచ్చింది ఆయన వ్యవహారాలు చూసే ముఖ్తార్. అప్పిచ్చిందీ అతనే. కాబట్టి పైకాన్ని తన ఇంట్లోనే పెట్టుకుని, ముందు నా లెక్క తేల్చమన్నాడు. అసలు, వడ్డీ కలిపితే 1,500కు ఏడు తక్కువ. బయటి చిల్లర అప్పులు చూస్తే 1,100కు కొంచెం పైన. ఆ 1,100 పంచేసి మిగతా 900లో చెరి సగం తీసుకుందామని గాలిబ్ గారు అన్నారు. కుదరదు, నాది నాకిచ్చి 507 మీరు తీసుకోండి అన్నాడు ముఖ్తార్. అప్పులు మొత్తం కలిపితే 2,600 దాకా, చేతిలో 2,000. ఎలా పంచినా సరిపోదు. ఖజానా నుంచి వచ్చిన పైకాన్ని తాను కళ్లతో చూడనే లేదని, పరువు మాత్రం దక్కిందని ఆయన రాశారు.

ఇక్కడి నుంచి ఆయన నెల రాబడి 162 రూపాయల 8 అణాలు. కలెక్టరు కచేరీ నుంచి 62 రూపాయల 8 అణాలు, రాంపూర్ నుంచి 100. లోహారూ బంధువుకు రాసిన ఆ ఉత్తరంలోనే దీని పద్దు కూడా ఉంది. ముఖ్తార్‌కు నెల నెలా వడ్డీ, అసలులో వాయిదా. 1857 తిరుగుబాటు ఖర్చులు రాబట్టుకోవడానికి 1860లో ప్రభుత్వం కొత్తగా తెచ్చిన ఆదాయపు పన్ను. చౌకీదారు సుంకం. ఇవన్నీ అయ్యాక భార్య, పిల్లలు, పనివాళ్లు. ఈ వరస చూస్తే ఒకటి అర్థమవుతుంది. అన్నం పెట్టవలసిన వాళ్లు పద్దులో చివరకు వెళ్లిపోయారు. వడ్డీ ముందుకు వచ్చి కూర్చుంది. దాన్ని తగ్గించుకునే వీలు లేదు, పన్నును ఎగ్గొట్టే వీలు లేదు.

ఎక్కడ తగ్గించాలి అని ఆయన కూర్చుని ఆలోచించారు. మూడు నిర్ణయాలు తీసుకున్నారు. పొద్దున తాగే తబ్రీద్, అంటే చలవ షర్బత్, పూర్తిగా బంద్. పగటి భోజనంలో మాంసం సగానికి తగ్గింపు. రాత్రి మద్యం, అందులో కలిపే గులాబ్ నిలుపుదల. నెలకు 20, 22 రూపాయలు మిగిలాయి. రోజువారీ ఖర్చు గట్టెక్కింది.

ఈ మూడూ ఎవరివి? మూడూ ఆయనవే. రాబడిలో సుమారు ఎనిమిదో వంతును తన పళ్లెంలో నుంచి, తన గ్లాసులో నుంచి తీసి ఇంట్లోకి వేశారు. పిల్లల పాలు తగ్గలేదు, వఫాదార్‌ను పనిలో నుంచి తీసేయలేదు, జనానాకు పంపేది కోయలేదు. గల్ఫ్ నుంచి ఉద్యోగం పోగొట్టుకుని తిరిగి వచ్చిన ఇళ్లను, కార్ఖానా మూతపడిన ఇళ్లను మేము చూస్తూనే ఉన్నాము. చాలా చోట్ల మొదటి కోత ఆడపిల్ల చదువు మీద పడుతుంది, రెండోది ఇల్లాలి కూరగాయల డబ్బు మీద పడుతుంది. అబ్బా సిగరెట్లు, టీ హోటలు కూర్చోళ్లు చివరి దాకా ఉంటాయి. నిషిద్ధమని ఎందరు చెప్పినా మానని మద్యాన్ని గాలిబ్ గారు ఇంటి పద్దు చూసి మానేశారు. కారణం ధర్మం కాదు, నిజమే. అయినా ఆ నెలలో ఇంటి గురించి సరిగ్గా ఆలోచించారు.

ఇలా ఎన్నాళ్లు ఉంటావని స్నేహితులు అడిగితే, ఇచ్చేవాడు ఇచ్చేవరకు అన్నట్టు జవాబిచ్చారు. అదృష్టం, నెల తిరక్కుండా రాంపూర్ నుంచి మామూలు 100 కాక మరికొంత పైకం వచ్చింది. పేరుకుపోయిన వాయిదాలు తీరాయి. చిల్లర అప్పులు అలాగే ఉన్నాయి. మరుసటి రోజు నుంచి షర్బతు తిరిగి వచ్చింది, మాంసం పూర్తి పాళ్లకు చేరింది, మద్యమూ మళ్లీ మొదలయింది. మానినంత కాలం మానారు, అంతే. ఆయనను ఔలియాగా చూపించడం మా ఉద్దేశం కాదు.

ఆయన పొదుపులో కొన్ని వింతలున్నాయి. జీవితాంతం అద్దె ఇళ్లలోనే ఉన్నారు, సొంత ఇల్లు కొనలేదు. అంత చదువరి అయినా పుస్తకం కొనేవారు కాదట. దుకాణాల నుంచి పుస్తకాలు అద్దెకు తెచ్చి ఇచ్చే మనిషి ఒకడుండేవాడు. చదివి తిరిగి ఇచ్చేసేవారు. ఇంకొక పక్క చేయి మాత్రం మూసేవారు కాదు. తిరుగుబాటు తర్వాత ఆయన తిండి, బట్టల ఖర్చు పెద్దదేమీ కాదని, అయినా స్తోమతుకు మించి పేదలకు ఇచ్చేవారు కాబట్టే ఎప్పుడూ ఇరుకులో ఉండేవారని హాలీ రాశారు. ఒకరోజు ఢిల్లీ రయీసు ఒకాయన చూడడానికి వచ్చారు. 1857లో అన్నీ పోగొట్టుకున్న మనిషి. ఎప్పుడూ ఖరీదైన ఉన్ని దుస్తుల్లో కనిపించేవాడు ఆ రోజు మామూలు చీటీ గుడ్డ అంగీతో ఉన్నాడు. గాలిబ్ గారికి కడుపు తరుక్కుపోయింది. ఊరికే ఇస్తే ఆయన మనసు నొచ్చుకుంటుంది. ఆ చీటీ గుడ్డ ఎంత బాగుందో అని మెచ్చుకుని, నాకిచ్చేయమని అడిగి తీసుకుని, చలిలో ఎలా వెళతారంటూ తాను కొత్తగా కుట్టించుకున్న ఉన్ని చోగాను ఆయనకు తొడిగి పంపారు. ఇలాంటి మనిషి దగ్గర నెలాఖరుకు ఏం మిగులుతుంది?

1865లో నవాబు యూసుఫ్ అలీ ఖాన్ మరణించారు. కుమారుడు కల్బె అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు కొనసాగించారు గాని, తండ్రి లాగ అడగకుండా పైన ఇచ్చే అలవాటు ఆయనకు లేదు. చెవులు వినబడక, కళ్లు సరిగా కనిపించక మంచం పట్టిన గాలిబ్ గారు చివరి నెలల్లో రాంపూర్‌కు రాసిన ఉత్తరాల్లో ఒకే కోరిక. హుసేన్ అలీ పెళ్లి ఖర్చు, ఇంకా 800 రూపాయల అప్పు. అప్పు మీద ఉండగా ప్రాణం పోకూడదని ఆయన బాధ. ఒకనాటి 40,000 ముందు 800 చిన్న మొత్తమే. నెలకు 162 వచ్చే ఇంట అది అయిదు నెలల రాబడి.

ఆ ఉత్తరాలకు ఆయన కోరుకున్న జవాబు బతికుండగా రాలేదు. 1869 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. హజ్రత్ నిజాముద్దీన్ దగ్గర, లోహారూ వారి కబరస్తాన్‌లో ఖననం చేశారు. జీవితంతో పాటే భత్యం కూడా ఆగింది. 800 రూపాయల అప్పు మాత్రం ఉమ్రావ్ బేగం గారి మీద పడింది. భర్తను ఈ భారం నుంచి విడిపించమని ఆమె కూడా రాంపూర్ నవాబుకు అర్జీ పెట్టుకున్నారు. 1870 ఫిబ్రవరి 4న, హిజ్రీ లెక్కలో భర్త పోయిన సరిగ్గా అదే తేదీన, ఆమె మరణించారు.